స్తుతి మూసిన దారులు

పినపాకలో మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన స్తుతి కంప్యూటర్ ఉంటది. స్తుతి పోయినందుకు మమ్మల్ని ఓదార్చి ప్రార్థన చేసే ఆదరణ కూడికకు వచ్చినోళ్లంతా పొద్దుగూకక ముందే లేచిండ్రు. మా ఆయన జయరాజ్ వాళ్లను బస్సెక్కియ్యపోయిండు. బయట ముసురు. గదిలో ఆర్పిన కొవ్వొత్తుల వాసన.

స్తుతి మాకు ఒక్కతే బిడ్డ. ఇంటర్ చదివేది. జ్వరమొచ్చి దవాఖానాలో పోయింది. నన్ను లోపలికి రానియ్యలేదు. అద్దంలో నుంచి చూసుడే. చివరిసారి దాని చెయ్యి పట్టుకోలేకపోయిన.

దానికో పాత ఆట ఇష్టం. ఏదో గ్రహం కింద తవ్విన ఇనుప సొరంగాలు. సిపాయి తుపాకి పట్టుకొని తిరుగుతుంటడు. ఎటు చూసినా ఒక్కతీరు సందులే. చీకట్లో నుంచి ఏవేవో మీద పడతయి. నేను కళ్లు మూసుకుంటే నవ్వేది. "నీకంటే పిల్లి నయమే అమ్మా, కళ్లన్నా తెరుస్తది" అనేది. ఏ మీట నొక్కితే మనిషి నడుస్తడో నాకు నేర్పింది గూడ అదే.

బీడీల తునికాకు తెంప అడవికి పోయినప్పుడు, పోకూడని దారికి మేం పచ్చికొమ్మ విరిచి అడ్డం పెడతం. వెనకొచ్చేటోళ్లు అటు పోరు. ఆటలో కొమ్మలు యాడివి? అందుకే స్తుతి పోకూడని సందు గోడను తుపాకితో కాల్చి గుర్తు పెట్టేది.

ఆ సాయంత్రం, స్తుతి ఆపిన కాడి నుంచే ఆట నేను పెట్టిన. బిడ్డ నడిచిన దారిలో నడుద్దామని. గుర్తు లేని సందులు పట్టుకొని పోయిన. ఇనుప తలుపులు గరగర జరుగుతున్నయి. యాడనో నీళ్ల చుక్కలు. ఎవరో బరువుగ ఊపిరి తీస్తున్నరు... గదిలో వాసన మారింది. దవాఖానా స్పిరిట్ వాసన.

నాలుగు సందులు కలిసేకాడికి వచ్చిన. అన్ని గోడలకూ తూటా దెబ్బలే. నేనొచ్చిన సందుకు గూడ. ఇంకా పొగ లేస్తున్నది.

బిడ్డ నన్ను ఎటూ పోవద్దంటున్నది.

"ఒక్కసారి కనపడు బిడ్డా" అన్న, గుసగుసగ.

ముందుకు నడిచే మీట నొక్కిన. ఎదురుగోడ అద్దం లెక్క మెరిసింది. అందులో సిపాయి లేడు. నా చీరె కట్టిన ఆడమనిషి. ఆమె కుడిచెయ్యి ఎవరో పట్టుకున్నరు. సన్నటి వేళ్లు మాత్రమే కనపడుతున్నయి...

మీట మీద నా చెయ్యి చల్లబడ్డది. వేళ్ల నడుమ వేళ్లు దూరినయి. భయం కాలేదు. ఏడుపొచ్చింది.

"వచ్చినవా" అన్న.

అప్పుడు నా వెనక... చెవి పక్కనే... స్తుతి గొంతు.

"అమ్మా, అది నేను కాదు."

కరెంటు పోయింది. జయరాజ్ వచ్చి లేపేదాక అట్లనే కూర్చున్న.

ఇప్పటికీ కుడిచెయ్యి వెచ్చబడలేదు. కన్నంటుకుంటే ఎవరో దాన్ని పట్టుకొని మెల్లగ గుంజుతరు. విదిలించుకో అంటడు జయరాజ్. ఎట్ల విదిలించుకోను... ఆ గొంతే అబద్ధమై, ఈ చెయ్యే నా బిడ్డదైతే?