గుండెగుమ్మం

బరంపురం నుంచి విజయనగరానికి, గొట్టంలో దూసుకుపోయే నాళికా రైల్లో ఇరవై రెండు నిమిషాలు. 2076లో దాన్ని ప్రయాణమని ఎవరూ అనరు. బరంపురంలో పొయ్యి మీద పప్పు పడేసి, విజయనగరం కోట దగ్గర వంకాయలు బేరమాడి, పప్పు మాడకముందే ఇల్లు చేరే ఇల్లాళ్ళున్నారు. అలాగే ప్రతి శనివారం సాయంత్రం పసుపు చొక్కాల జనం స్టేషన్లో బిలబిలమంటూ దిగి, మూడు వీధులు నడిచి, విజయనగరం కబడ్డీ మందిరంలో కొలువుదీరేవారు. మందిరం విజయనగరానిది, ఆడే జట్టూ విజయనగరానిదే. కుర్చీల్లో మాత్రం బరంపురం కూర్చునేది, ఎదుటి జట్టు ఏదైనా దానికే చప్పట్లు కొట్టేది.

ఇందులో దొంగతనమేమీ లేదు. పన్నెండు వేల టికెట్లూ ముందు ఊరివాళ్ళకే, అదీ చవగ్గా ఇచ్చేవారు. ఊరివాళ్ళు టికెట్టు చేతిలో పడీ పడగానే మారుబేరం యాప్‌లో పెట్టేవారు. పొరుగూరివాళ్ళు అడిగినంతా ఇచ్చి కొనుక్కునేవారు. మనం ఇంట్లో గోడతెర మీద చూసుకుంటాంలే, నేనొక్కణ్ణి వెళ్ళకపోతే మందిరం మునిగిపోతుందా అనుకునేవాడు ప్రతివాడూ. అలా అనుకునేది తానొక్కడేనని కూడా అనుకునేవాడు.

డాక్టర్ గొర్లె పైడితల్లి మాత్రం టికెట్టు అమ్ముకోలేదు. నాడీశాస్త్రంలో పేరున్న మనిషి, నలభై దాటిన మనిషి, మ్యాచ్ రోజు చిన్నపిల్లలా ముఖమంతా జట్టు రంగు ఎరుపు పూసుకుని వెళ్ళేది. ఆ శనివారం కెప్టెన్ కెల్ల ముత్యాలు ఆఖరి కూతకు వెళ్ళి, గీత ఇంకో అడుగు దూరంలో ఉండగా మోకాలు మడతపడి కూలిపోయింది. పైడితల్లి దిగ్గున లేచి "అయ్యో తల్లీ!" అని అరిచింది. చుట్టూ పసుపు జనం చప్పట్లు కొడుతున్నారు. తనతోపాటు అయ్యో అనే మనిషి కోసం అటూ ఇటూ వెతికింది. ఒక్కరూ కనబడలేదు. సొంత ఊళ్ళో, సొంత జట్టు పడిపోతే ఏడవడానికి తోడు దొరకలేదని ఆమెకు పట్టరాని దుఃఖం వచ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మర్నాడే లీగ్ నుంచి నోటీసు వచ్చింది. ప్రతి మందిరంలోనూ ధ్వని తూకం అనే యంత్రం ఉంటుంది. ఇంటి జట్టుకు పాయింటు వచ్చినప్పుడు ఎంత చప్పుడు, ఎదుటి జట్టుకు వచ్చినప్పుడు ఎంత చప్పుడు అని అది తూచి చెబుతుంది. వచ్చే సీజన్ ఆఖరి మ్యాచ్‌లో ఇంటి చప్పుడు మొత్తంలో సగం కంటే తగ్గితే విజయనగరానికి జట్టు ఉండదు. ఆటగాళ్ళతో సహా వేరే నగరానికి తరలిపోతుంది.

"మనోళ్ళే అమ్ముకుంతన్నారమ్మా. ఎవుల్ని ఏటనగలం?" అన్నాడు జట్టు కార్యదర్శి సన్యాసినాయుడు. ఆయన పైడితల్లికి చుట్టమేమీ కాదు గానీ ఊరి వరసన బాబాయ్.

"అమ్ముకోనీ బాబాయ్. కొన్నవాడు లోపలికి రావాలి కదా, అక్కడ చెప్తాను వాడి సంగతి" అంది పైడితల్లి.

ఎనిమిది నెలల్లో చెప్పింది కూడా. ఆమె తయారుచేసిన దానికి శాస్త్రీయ నామం హృత్స్పందన పరీక్షా ద్వారం. ఊరు దాన్ని గుండెగుమ్మం అంది, ఆ పేరే నిలిచింది.

చూడ్డానికి అది పన్నెండడుగుల సన్నటి నడవ. నేలపలకలు అరికాళ్ళ గుండా గుండె విద్యుత్తును పడతాయి. గోడల్లోని సెన్సర్లు నాడినీ, కంటిపాపనూ చూస్తాయి. నడుస్తున్న మనిషికి గోడ మీద రెండు దృశ్యాలు కనిపిస్తాయి: విజయనగరం గెలిచిన క్షణమొకటి, ముత్యాలు పడిపోయిన క్షణమొకటి. మొదటిదానికి గుండె పొంగాలి, రెండోదానికి కలుక్కుమనాలి. మనిషి ముఖం అబద్ధమాడగలదు, నోరు సరేసరి. కానీ దృశ్యం కంటబడ్డాక ఆలోచన పుట్టేలోపు సెకనులో మూడోవంతు ఖాళీ ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో గుండెకు అబద్ధమాడే తీరిక ఉండదు. పైడితల్లి కనిపెట్టినదంతా ఆ మూడోవంతును పట్టుకోవడమే. పరీక్ష నెగ్గితే తలుపు మీది తెల్లదీపం పచ్చబడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే దీపం ఆరిపోతుంది, టికెట్టు డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. ఈ వ్యవహారమంతా నడిపే యంత్రబుద్ధికి వైకుంఠ ద్వారపాలకుడి పేరు మీద జయ అని పేరు పెట్టింది. అది గ్రాంథికానికి దగ్గరగా మాట్లాడేది.

కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌కి బరంపురం నుంచి తొమ్మిది వేల మంది వచ్చారు. తొమ్మిది వేల సార్లు దీపం ఆరింది. వాళ్ళు తిట్టుకుంటూ రైలెక్కారు.

పైడితల్లికి మీసం లేదు గానీ ఉంటే మెలేసేదే. సన్యాసినాయుడు ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మందిరం చూపించాడు. నలుగురొకచోట, ఇద్దరొకచోట. మిగతాదంతా ఖాళీ కుర్చీలు. ఊరివాళ్ళు ఎప్పట్లాగే అమ్మేసి ఇంట్లో కూర్చున్నారు.

"కుర్సీలు అరవవు కదమ్మా" అన్నాడాయన.

"ఇవాళ కాకపోతే రేపు వస్తారు బాబాయ్. అమ్ముడుపోని టికెట్టు ఎన్నాళ్ళు దాచుకుంటారు?"

ఆమె లెక్క ప్రకారం అది నిజం కావాలి. కానీ రెండో నెలలో టికెట్లు మళ్ళీ అమ్ముడుపోవడం మొదలైంది. మూడో నెలకు పసుపు చొక్కాలు ముప్ఫై నలభై చొప్పున గుమ్మం దాటి లోపలికి వస్తున్నాయి. పచ్చదీపం టకటకా వెలుగుతోంది.

"జయా, ఏదో మోసం జరుగుతోంది. మందులు వేసుకుని వస్తున్నారా?"

"రక్తంలో ఔషధ ఛాయలు లేవు, డాక్టర్ గారూ. పరికర లోపమూ లేదు. వారి హృదయాలు పొంగవలసినచోట పొంగుచున్నవి, నొవ్వవలసినచోట నొచ్చుచున్నవి. వారిని ఆపుటకు నాకు కారణము లేదు."

పైడితల్లికి ఒళ్ళు మండింది. కూపీ లాగితే విషయం తేలింది. పరీక్ష అంటూ ఒకటి పెట్టాక మనవాళ్ళ మధ్య కోచింగ్ సెంటర్ పుట్టకుండా ఉంటుందా? పైడితల్లి ఎంత చదివినా ఈ చిన్న సంగతి మరిచిపోయింది. బరంపురం స్టేషన్ ఎదురుగా, మేడ మీద, పెద్ద బోర్డు: పాత్రో గుండెగుమ్మం కోచింగ్ సెంటర్. ఇరవై ఒక్క రోజుల క్రాష్ కోర్సు. ఉదయం బ్యాచ్, సాయంత్రం బ్యాచ్. కింద పచ్చదీపం నెగ్గినవాళ్ళ ఫొటోలు, ర్యాంకులతో సహా.

లింగరాజు పాత్రో అరవై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు లెక్కల మేష్టారు. పైడితల్లి తానెవరో చెప్పగానే కంగారుపడలేదు సరికదా, కుర్చీ తుడిచి వేశాడు.

"రా తల్లీ, కూకో. నీ గుమ్మం వల్లే నాలుగు మెతుకులు తింతన్నాం."

"మోసం నేర్పుతున్నారా మేష్టారూ?"

"మోసం సేద్దారనే మొదలెట్టాం. అబద్ధమెందుకు? గుండెని ఎలాగ ఉబికించాల, ఎలాగ నొక్కాల అని ఊపిరి కిటుకులు నేర్పాను. అందరూ ఫెయిలు. నీ యంత్రం గట్టిది తల్లీ. దాన్ని ఏమార్చడానికి ఒక్కటే దారి మిగిలింది."

"ఏంటది?"

"నిజంగా ఇష్టపడడం." పాత్రో మెడ గోక్కున్నాడు. "సిలబస్ మార్సీసాను. ముత్యాలు గోనెసంచులు పరిచి కబడ్డీ నేర్సుకుందంట, తెలుసా? మీ జట్టు పిల్లల్ని ఒక్కొక్కర్తినీ పొద్దున్నే ఐదింటికి లేచి సదివాం. ఎవుత్తి ఇంట్లో ఏం కష్టం, ఎవుత్తి ఏ కాలితో ముందడుగేస్తాది, అంతా. పదిహేనో రోజుకి ఆ పిల్ల పడ్డ వీడియో పెడితే, ముందు బెంచీవోడు కళ్ళు తుడుసుకున్నాడు. వాడు ఆ రోజు మందిరంలో సప్పట్లు కొట్టినోడే. ఇప్పుడేటి సెయ్యమంటావు సెప్పు? మళ్ళీ కొట్టమనీనా?"

పైడితల్లి కుర్చీలోంచి లేచింది. పసుపు చొక్కా వేసుకుని వచ్చేవాడు లోపల ఎవరికోసం అరుస్తాడో చూద్దాం, ఆఖరి మ్యాచ్‌లో ధ్వని తూకమే తేలుస్తుంది అనుకుని వచ్చేసింది. ఆ నెల్లాళ్ళూ ఆమెకు కంటిమీద కునుకు లేదు.

ఆఖరి మ్యాచ్ రోజు పన్నెండు వేల కుర్చీలూ నిండాయి. తొమ్మిది వేలు బరంపురానివే. పైడితల్లి తూకపు గదిలో కూర్చుంది. ఆ గదికి కిటికీ లేదు. ఎదురుగా ధ్వని సూది మాత్రం ఉంది. సూది సగం గీతకు ఇవతల వణికినప్పుడల్లా ఆమె పిడికిలి బిగించేది. రెండు జట్లూ సరిసమానంగా నడిచాయి. చివరి నిమిషంలో గోడలు అదిరేంత కేక లేచింది. సూది సగం గీత దాటి, ముప్పావు దాటి, చివరికంటా వెళ్ళి కొట్టుకుంది. పైడితల్లి కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. జట్టు ఊళ్ళోనే ఉంటుంది!

సన్యాసినాయుడు పరుగున వచ్చాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "ముత్యాలు ఆఖరి కూత సూసావా అమ్మా? ఆ మోకాలితోనే! ఆ తొమ్మిది వేల మందీ లేచి నిలబడిపోనారు!"

"సూది చూశాను బాబాయ్. చివరిదాకా కొట్టింది!"

ఆయన ఆమె వంకా, సూది వంకా చూసి, మళ్ళీ మందిరంలోకి వెళ్ళిపోయాడు.

తరవాతి సీజన్ మొదటి మ్యాచ్‌కి పైడితల్లి అందరిలాగే టికెట్టు కొంది. పని పూర్తయింది, ఇక హాయిగా కుర్చీలో కూర్చుని చూడొచ్చు అనుకుంది. సిబ్బంది ద్వారం ఉన్నా వాడుకోలేదు. తాను కట్టిన గుమ్మంలోంచే దర్జాగా వెళ్ళాలనుకుని బరంపురం వాళ్ళ మధ్య వరసలో నిలబడింది. నడవలో అడుగుపెట్టింది. గెలుపు కనబడింది. ముత్యాలు పడిపోవడం కనబడింది. పన్నెండో అడుగు వేసి తలుపు ముందు నిలబడింది.

దీపం ఆరిపోయింది.

"జయా, నేలపలక సరిచూడు. ఇంకోసారి నడుస్తాను."

మూడుసార్లు నడిచింది. మూడుసార్లూ ఆరింది. వెనక వరసలో ఎవరో దగ్గారు.

"లోపము లేదు, డాక్టర్ గారూ" అంది జయ. "మీ హృదయము ఎగసినది. అయితే బొమ్మలకు కాదు. దీపము రంగు మారునో లేదో అని చూచిన క్షణమున."

పైడితల్లికి ముఖం కందిపోయింది. కాదనడానికి నోరు తెరిచింది. కానీ ఆ మూడోవంతు సెకను సంగతి ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? పోయిన సీజన్లో ఆమె ఒక్క కూత చూడలేదు. పద్దెనిమిది మ్యాచ్‌లు దీపాలు చూసింది, సూది చూసింది. జట్టుని నిలబెట్టిన మనిషికి జట్టులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిల పేర్లు కూడా రావు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వెనక్కి తిరిగి, మూడు వీధులు నడిచి, బరంపురం రైలెక్కింది.

మర్నాడు పొద్దున్న ఆరింటి బ్యాచ్‌లో ఆమెను చూసి పాత్రో మేష్టారు హాజరుపట్టీలో పేరు రాసుకున్నాడు. మూడో బెంచీ చూపించాడు. అందులో అప్పటికే తలమీద తువ్వాలు కప్పుకుని ఒకాయన కూర్చున్నాడు.

"బాబాయ్! నువ్వా?"

"నెమ్మదమ్మా" అన్నాడు సన్యాసినాయుడు. "ఆరేళ్ళనుంచీ నా టికెట్టు నానూ అమ్ముకునీవోణ్ణే. ఆఫీసు గుమ్మంలోంచి పోయీవోణ్ణి కదా, ఎవుడికి తెలుస్తాది? ఆ ఆఖరి మ్యాచ్‌లో వాళ్ళు నిలబడిపోయి అరుస్తుంటే, నాకు అరుపు రానేదమ్మా. అదీ సంగతి." ఆయన వెనక్కి చూపించాడు. వెనక రెండు బెంచీలూ విజయనగరం మొహాలే.

పాత్రో గదిలో వెలుతురు తగ్గించాడు. "ఇయ్యాల మొదటి పాఠం. అందరూ గోడ మీద సూడండి. ముత్యాలు పడ్డ మ్యాచ్ ఇది. ఆ పిల్లని తరవాత సూద్దారి. ముందు ఇక్కడ, పసుపు సొక్కాల మధ్యన ఎర్రమొహం తల్లి ఒకర్తి ఉంది, కనపడుతుందా? పేరు తెలీదు. రంగు పూసుకుంది, పోలిక తెలీటం లేదు. అందరూ సప్పట్లు కొడతంటే ఒక్కర్తే లేచింది సూడండి. తోడుకోసం ఎలాగ ఎతుకుతుందో సూడండి. ఏడాదిగా ఈవిణ్ణి సూపించే నాను పాఠం సెప్తన్నాను. అభిమానమంటే అదే. ఆ తల్లిలాగ ఒక్కసారి లేచి నిలబడగలిగితే నీకు ఏ గుమ్మమూ అడ్డం రాదు."

సన్యాసినాయుడు గోడ వంక చూశాడు, పైడితల్లి వంక చూశాడు.

పాత్రో వీడియోను కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ నడిపాడు. ముత్యాలు కూత పెడుతూ గీత వైపు పరిగెత్తింది. మరొక్క అడుగు. మోకాలు మడతపడింది.

"అయ్యో తల్లీ!" అంటూ మూడో బెంచీలోంచి పైడితల్లి దిగ్గున లేచింది. ఈసారి ఆమె పక్కన సన్యాసినాయుడు కూడా లేచాడు, వెనక రెండు బెంచీలూ లేచాయి.

గోడ మూలన పాత్రో సాధన కోసం పెట్టుకున్న చిన్న దీపం ఒకటుంది. అది పచ్చబడింది. పైడితల్లి దాన్ని చూడలేదు.