పెనుకొండలో మూడు వారాల సమీక్ష

నాకప్పుడు ఇరవై అయిదేళ్ళు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒక కాలేజీలో ఏ విభాగం ఉండాలో, ఏది పోవాలో చూసి రమ్మని నన్ను పెనుకొండకు పంపారు. పంపినవాళ్ళ ధైర్యానికి ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం కొత్త తెల్లచొక్కా తొడుక్కుని గర్వంగా వెళ్ళాను.

అది 1961, ఆగస్టు నెల. పెనుకొండ కొండ కింద గ్రామోదయ విద్యాలయం అని ఉండేది. పల్లెల్లో చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఏడాదిపాటు పని నేర్పే చోటు. ఊళ్ళో అందరూ జనతా కాలేజీ అనేవారు. వ్యవసాయం, నేత, కుట్టుపని, వడ్రంగం అని నాలుగు విభాగాలు. మూడు వారాలు అక్కడే ఉండి అన్నీ చూసి నివేదిక రాయడం నా పని.

స్టేషన్ నుంచి నడిచి గేటు దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆవరణలో తాళ్ళ మీద చిలపలుగా కట్టిన రంగు నూలు కట్టలు ఆరుతున్నాయి. వాటిని లాగి చేతుల మీద వేసుకుంటూ ఒకమ్మాయి అటూ ఇటూ పరుగెడుతోంది. నన్ను చూసింది.

"ఏమప్పా, చూస్తా నిలబడినావు? కొత్తగా చేరేదానికి వచ్చినావా? ఆ కొస తాడు విప్పి ఇట్ల పట్టుకో."

విప్పి పట్టుకున్నాను. తడి నూలంతా నా మీద వాలింది. వసారాలోకి చేరేసరికి నా చొక్కా మెడ నుంచి నడుము దాకా గులాబీ రంగు. ప్రిన్సిపాలు దానియేలు గారు గది నుంచి బయటికొచ్చి, "సమీక్షకు వచ్చిన చెన్నకేశవులు గారు మీరేనా?" అని నాకు నమస్కారం పెట్టారు. ఆ అమ్మాయి ముఖంలో రంగు ఎగిరిపోయింది. నా చొక్కా మీది రంగు మాత్రం పోలేదు.

ఆమె పేరు కమలాక్షి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే పుల్లయ్య గారి కూతురు. నేత విభాగానికి టీచరు ఆమె ఒక్కతే.

మొదటి వారమంతా ఆమె నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. చొక్కా సంగతి మరిచిపొమ్మని నేనే రెండుసార్లు చెప్పాను. "మరిచిపోయినా సార్" అని తల వంచుకుని వెళ్ళిపోయింది. నేను మరిచిపోలేకపోయాను. వ్యవసాయ విభాగంలో విత్తనాల గురించి రాసుకుంటూ కూడా కిటికీలోంచి నేతశాల వైపే చూసేవాణ్ణి. పోగు తెగితే ఆమె పిల్లలను కోప్పడేది, మరుక్షణం పక్కన కూర్చుని తానే అతికేది. ఆమెలో కోపం ఎక్కడ ఆగి ప్రేమ ఎక్కడ మొదలయ్యేదో నాకు తెలిసేది కాదు.

చిక్కంతా అంకెల్లో ఉంది. చేరినవాళ్ళలో సగం మందైనా చివరి పరీక్ష రాయని విభాగాన్ని మూసేయాలని నాకిచ్చిన ఫారంలో నియమం. నేతలో కిందటేడు పంతొమ్మిది మంది చేరితే పరీక్ష రాసింది ఏడుగురే.

రెండో వారంలో నేనొక తెలివితక్కువ పని చేశాను. ఏడు కొట్టేసి పన్నెండు అని పెన్సిలుతో రాసి, ఆ కాగితం ఆమెకు చూపించాను. సంతోషిస్తుందనుకున్నాను.

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. "ఇట్ల రాయమని నేను అడిగినానా సార్?"

"లేదు. సెక్షను నిలబడాలని..."

"ఏడుమందే రాసినారు, ఏడని రాయండి. మిగిలిన పన్నెండు మంది యాడికి పోయినారో రాసే గడి మీ కాగితంలో ల్యా. అబద్ధం రాసేదానికన్నా ఆ గడి గీసుకోండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే స్కేలు తీసుకుని ఫారం అంచున ఇంకో గడి గీశాను. మర్నాడు పొద్దున్న ఆ పన్నెండు మందిని వెతకడానికి ముగ్గురం రైలెక్కాం. పెద్దమనిషి తోడు కావాలి కాబట్టి దానియేలు గారు మా మధ్య కూర్చున్నారు. రైలు కదిలిన పది నిమిషాలకు నిద్రపోయారు.

హిందూపురంలో అక్కమ్మ అనే అమ్మాయి ఒక మగ్గాల షెడ్డులో నేస్తూ కనబడింది. పరీక్షకు రెండు నెలల ముందే పని దొరికిందనీ, అప్పుడు రాకపోయి ఉంటే ఆ మగ్గం ఇంకొకరికి పోయేదనీ చెప్పింది. ఇంట్లో దుడ్లకు ఇప్పుడు ఇబ్బంది లేదని నవ్వింది. ధర్మవరంలో వీధికొకరు దొరికారు. అందరిదీ ఒకటే కథ. పని వచ్చేసింది, పిలుపు వచ్చింది, వెళ్ళిపోయారు. పన్నెండులో తొమ్మిది మంది మగ్గాల మీద ఉన్నారు. ఇద్దరికి పెళ్ళిళ్ళయి దూరం వెళ్ళిపోయారు.

మిగిలినవాడు కొత్తచెరువు పాపన్న. వాడు మళ్ళీ మేకలు కాసుకుంటున్నాడు. ఎందుకు మానేశావని అడిగితే కమలాక్షి వైపు చూసి మేకల వైపు తిరిగాడు. ఆమే చెప్పింది. వాణ్ణి తాను అందరి ముందూ తిట్టిందట. మర్నాటి నుంచి రాలేదట.

"అది గూడా రాయండి సార్. తప్పు నాదే," అంది. తర్వాత వాడితో చాలాసేపు మెల్లగా మాట్లాడింది. ఏం చెప్పిందో నేను వినలేదు. వచ్చే వారం వస్తానని వాడు ఒప్పుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. మా కిటికీ తలుపు పడలేదు. నేను లేచి బలమంతా పెట్టి లాగితే అది ఊడి నా చేతికే వచ్చింది. ఏం చేయాలో తెలియక దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుని పెనుకొండ దాకా అట్లాగే నిలబడ్డాను. కమలాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేకపోయింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ వాన ఇంకో నాలుగు స్టేషన్లు కురిస్తే బాగుండుననుకున్నాను.

మూడో వారం ఎట్లా గడిచిందో తెలియదు. వెళ్ళే రోజు చెప్పాలని ఎన్నో మాటలు కూర్చుకున్నాను. ఆమె గేటు దాకా వచ్చింది. నా నోట్లోంచి వచ్చింది ఒకటే మాట, "నివేదిక తొందరగా పంపిస్తాను." ఆమె "మంచిది సార్" అంది. అంతే.

నివేదికలో నేత గురించే పదకొండు పేజీలు రాశాను. పరీక్ష లెక్క ఒక్కటే చూడొద్దనీ, తొమ్మిది మంది చేతిలో పని ఉందనీ, చదువును ఆరు నెలలకు కుదించి కొనసాగించాలనీ రాశాను. డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది. 'సమీక్ష అధికారి నివేదిక ఆధారంగా నేత విభాగం మూసివేయడమైనది.' పైవాళ్ళు మొదటి పేజీలోని పట్టిక మాత్రమే చూశారు. నేను వెళ్ళి అడిగితే, ఇన్ని కాలేజీల కాగితాలు ఎవరు పూర్తిగా చదువుతారని విసుక్కున్నారు.

ఆమె ఉద్యోగం పోయింది, అదీ నా పేరు మీద. జరిగిందంతా వివరిస్తూ ధర్మవరానికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. జనవరిలో సెలవు పెట్టి నేనే వెళ్ళాను.

పుల్లయ్య గారింట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద ఆయన, ఒకదాని మీద కమలాక్షి. ఆమె నేయడం ఆపింది. నేను నిలబడే మొదలుపెట్టాను, ఆ ఉత్తర్వు నేను రాసింది కాదనీ, నమ్మమనీ.

"తెలుసు," అంది. "దానియేలు గారు మీ రిపోర్టు కాపీ చూపించినారు. పదకొండు పేజీలూ చదివినా."

"మరి నా ఉత్తరాలకు జవాబెందుకు రాయలేదు?"

"రెండు ఉత్తరాల్లోనూ రిపోర్టే ఉండాది. దానికి నేనేం జవాబు రాయల్ల?"

ఆమె పేకదారం సర్దుకుంటూ, నా వైపు చూడకుండా, పదకొండో పేజీలో ఒక అబద్ధం ఉందని చెప్పింది. ఏమిటది అన్నాను.

"సమీక్షకునికి ఏ విభాగం మీదా ప్రత్యేక అభిమానం లేదని రాసి సంతకం పెట్టినారు."

ప్రతి నివేదిక చివరా అందరూ రాసే వాక్యమది. అలవాటుగా రాశాను. ఆ మాటే చెప్పబోయి ఆగాను. ఇప్పుడు కూడా చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని తెలిసింది.

"విభాగం మీద ల్యా," అన్నాను. "టీచరు మీద ఉండాది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పక్క మగ్గం చప్పుడు ఆగిపోయింది. పుల్లయ్య గారు మగ్గం గుంటలోంచి లేచి, భుజం మీది తువ్వాలు దులుపుకుని, నన్ను బయటి అరుగు మీదికి పిలిచారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేది.

"మీరు తాడిమర్రిలో భూములున్నోళ్ళు. మేము మగ్గం నమ్ముకున్నోళ్ళం. నీకు ఇష్టమైతే సరిపోదప్పా. రేపు మీ ఇంట్లో నా బిడ్డను ఎవరన్నా ఒక మాటంటే ఈ అరుగు మీద కూర్చుని నేనేం చేసేది? మీ అమ్మ వచ్చి అడగల్ల. అప్పుడు చూస్తాం."

మా నాయన పోయినప్పటి నుంచి ఇంటికి పెద్ద మా అమ్మ కౌసల్యమ్మే. విషయం చెప్పిన రోజు ఆమె ఏమీ అనలేదు. తర్వాత నెలన్నర నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నా ముఖం చూసేది కాదు. బంధువులు వచ్చి కులం తక్కువా ఎక్కువా అని మాట్లాడితే వినేది, వాళ్ళకూ జవాబు చెప్పేది కాదు. శివరాత్రి అయిన మూడోనాడు పొద్దున్నే చీర మార్చుకుని వసారాలో నిలబడింది. బస్సు ఎన్ని గంటలకని అడిగింది.

మేము వెళ్ళేసరికి కమలాక్షి వాళ్ళ వసారాలో నలుగురు ఆడపిల్లలకు నేత నేర్పుతోంది. కాలేజీ మూసినా వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారట. పాపన్న కూడా ఒక మూల నూలు చుడుతున్నాడు. అమ్మ మంచినీళ్ళు తాగి, పనయ్యేదాకా కమలాక్షిని లేపొద్దని చెప్పి, గంటసేపు గోడకానుకుని చూస్తూ కూర్చుంది. ఒక పిల్ల పోగు తెంపి బిక్కముఖం పెట్టింది. కమలాక్షి నోరు తెరిచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నెమ్మదిగా ఎట్లా అతకాలో చూపించింది.

అమ్మ పుల్లయ్య గారి వైపు తిరిగింది.

"అన్నా, మావాడు అడిగింది వదిలెయ్యి. నేను అడుగుతాండా. నీ బిడ్డను మా ఇంటికి ఇస్తావా?"

పుల్లయ్య గారు కళ్ళు తుడుచుకుని కూతురిని చూశారు. కమలాక్షి లేచి వచ్చి అమ్మ ముందు నిలబడింది. తను నేర్పడం మాత్రం మానుకోలేనని చెప్పింది.

"మానమని ఎవరన్నారమ్మా?" అంది అమ్మ. "మా వూర్లోనే నేర్చుకునేదానికి ముగ్గురుండారు. నేను మాటిచ్చి వచ్చినా."

తాడిమర్రి బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నెలన్నర తర్వాత ఆ రోజే నా భుజం మీద చెయ్యి వేసింది.

"పిల్ల బాగుండాది రా. నిన్ను ఆ గుమ్మంలో చూసినప్పుడు ఆ కండ్లు చూడల్ల. ఇంకెవర్ని అడిగి తెలుసుకోవల్ల నేను?"

ఆ గుమ్మంలో నేను కమలాక్షి కళ్ళు చూడలేదు. సిగ్గుతో నేల చూస్తున్నాను. వైశాఖంలో పెళ్ళిపీటల మీద, తెర దించిన క్షణాన, తల ఎత్తి తీరుబడిగా చూసుకున్నాను.