తేరు పోయినంక బాట

"నేను సంతకం పెట్ట!"

సత్యభామ నోట్లకెళ్లి గా మాట వచ్చుడే ఆలస్యం, ఇంట్ల ఉన్నోళ్లందరు ఉన్నకాడనే బొమ్మలైపోయిండ్రు! అత్త ఉలిగెమ్మ చేతిల కుంకుమ బరిణె అట్లనే ఆగింది. వాకిట్ల రిక్షావాడు బీడీ పారేసి చెవులు నిక్కబొడ్సుకున్నడు. మొగడు రంగనాయకులు కొత్త చొక్కాకు గుండీలు పెట్టుకుంటుండె గదా, ఆ మాట ఇని ఒక గుండీ ఇంకొక కాజాల దూర్చిండు. ఇగ ఆ పొద్దంత పాపం ఆయన మెడ ఒక దిక్కు, చొక్కా ఒక దిక్కు!

సంతకమంటే మామూలు సంతకం కాదమ్మా. రాయచూరు బజార్ల వాళ్ల గాజుల దుకాణం అమ్మే సంతకం. ఆ దుకాణం సత్యభామ పేర ఉన్నది. రంగనాయకులు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు, కొత్త కోడలు సిగ్గు పక్కన పెట్టి దుకాణంల కూసోని గిరాకీ నడిపింది. అది చూసిన మామ పోయే ముందు దగ్గరికి పిల్సి అన్నడు, "కోడలా, దుకాణం నీ పేర రాసిన. నా కొడుకు మంచోడే గాని, ఎవడన్న తియ్యగ మాట్లాడితే బెల్లం లెక్క కరిగిపోతడు. నువ్వే చూసుకోవాలె."

ఆ బెల్లం ఇప్పుడు కరగనే కరిగింది. దేవసూగూరు పక్కన కరెంటు ఫ్యాక్టరీ లేసిన సంది అందరికి ఒకటే పిచ్చి! ఆ పొగగొట్టాల నీడల ఒక జాగ కొనాలె, లైనుగ రూములు కట్టాలె, ఫ్యాక్టరీ పనోళ్లకు కిరాయికియ్యాలె, కాలు మీద కాలేసుకోని కూసోవాలె. దుకాణం కొనే సేటు రిజిస్ట్రీ ఆఫీసు కాడ ఎదురుచూస్తున్నడు. ఆ పైసలతోని ఇయ్యాలనే ప్లాటు కొనుడు. అంత తయారు. సంతకమొక్కటే తక్కువ!

"ఎందుకు పెట్టవు?" రంగనాయకులు గొంతు లేసింది.

సత్యభామ ఓరకంట తమ్ముణ్ణి చూసింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి...

ఆ తమ్ముడే విజయకుమార్. నవ్వించకుంట మంచినీళ్లు గూడ తాగనియ్యడు. అక్క పెండ్లిల బావ షర్బత్‌ల ఉప్పు కలిపినోడు. ఆ ఉప్పు బావ ఇంకా మర్చిపోలే. సైకిల్ షాపు పెట్టి మూసిండు, టాకీసు కాడ బజ్జీల కొట్టు పెట్టి మూసిండు. "నీ తమ్ముడు బంగారం పట్టినా బొగ్గే అయితది" అని బావ పండుగ పండుగకు ఎత్తిపొడ్సుడు, సత్యభామ గుటకలు మింగుడు. ఇప్పుడు ప్లాట్ల దందాల దిగిండు. ఇదే మొదటి సౌదా. ముదగల్‌ల పిల్లనిస్తమన్నోళ్లు గూడ "ఈ ఒక్క పని చేసి చూపియ్యమనుండ్రి" అని ఆగిండ్రు.

తమ్ముడు పాపం కష్టపడ్డడు! భూమి పహణి కాగితంల పేరు చూసిండు, బ్యాంకు అప్పు లేదని తెలుసుకున్నడు, ఇండ్లు కట్టుకోనీకె పర్మిషన్ ఉన్నదని కాగితం గూడ తెచ్చిండు. బావనేమో, "రేటు పెరుగుతదా? కిరాయి వస్తదా?" అని అడిగిండు. అన్ని అడిగిండ్రు. ఆ జాగల అడుగు పెట్టనీకె తోవ ఎవరిదని మాత్రం ఎవ్వరు అడగలే!

ఎందుకడుగుతరు? చూడవోయింది దేవసూగూరు జాతర దినం! తోవ పొడుగునా బండ్లు, చెరుకు గడల కుప్పలు, మిఠాయి కొట్లు, పీపీలు ఊదుకుంట పిల్లలు... "చూడు బావా, లారీకి లారీ ఎదురొచ్చినా ఆగే పని లేదు!" అని తమ్ముడు చేతులు చాపి చూపిచ్చిండు. అందరు తలలూపిండ్రు. సత్యభామ గూడ ఊపింది.

జాతర అయినంక ఆమె ఒక్కతే బస్సెక్కి మళ్ల దేవసూగూరు వోయింది. మొక్కుకున్న టెంకాయ జాతర గుంపుల కొట్టనే లేదు. దేవుని దర్శనమయినంక, కొనబోయే జాగ ఒక్కసారి చూసిపోదమని మనసు గుంజింది. వోయి చూస్తే... తోవ లేదు! మిఠాయి కొట్లున్న జాగల నాగలి సాళ్లు! ముందర ముండ్ల కంప! అవుతల ఎక్కడనో చేను నడుమ వాళ్ల ప్లాటు, నీళ్ల నడుమ దిబ్బ లెక్క. చేను గల్ల ముసలామె చెన్నవ్వ నిమ్మళంగ చెప్పింది, "తేరు పండుగకు మా మామ మొక్కుకున్నడు తల్లీ. జాతరకు బండ్ల కోసమని తోవ ఇడుస్తం. తేరు పోయినంక దున్నుకుంటం."

బస్సుల ఆమె కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్సింది. చెప్పకుంటే మామ పెట్టిన దీపం ఆరిపోతది. చెప్తే... తోడబుట్టినోడు జన్మంత బావ ముందర మోసగాడయితడు! ఏం చేయాలె దేవుడా?

"మాట్లాడవేందే!" రంగనాయకులు గుంజకు చెయ్యి కొట్టిండు. "అయ్య దుకాణం నీ పేర రాసిండని తలకెక్కింది నీకు! మొగడు నాలుగు మెట్లు ఎక్కుడు నీకు సయిస్తలేదు!"

ఉలిగెమ్మ గూడ అందుకున్నది. "నా మొగడు నిన్ను నమ్మి రాసిచ్చిండు బిడ్డా. నా కొడుకు కాళ్లకు బంధమెయ్యమని రాసియ్యలే!"

ఒక్కొక్క మాట ఒక్కొక్క సూది! విజయకుమార్ దగ్గరికొచ్చి నవ్వబోయిండు. "అక్కా, తమాషా చేస్తున్నవా? తమాషాలు నా ఇలాఖా గదనే..." నవ్వు సగంలనే ఇరిగిపోయింది. "నా ఇజ్జత్ నీ చేతిల ఉన్నదక్కా..."

సత్యభామ కండ్లు తుడ్సుకున్నది. "ఒక్క బండి పునాది రాయి. గంతే. ముందు ఆ ప్లాటుల ఒక్క బండి రాయి దింపుండ్రి. రాయి నేల మీద పడంగనే నేను సంతకం పెడత."

"ఇదేం కొత్త రివాజు?" అన్నడు మొగడు.

"నా రివాజు అనుకోండ్రి."

రంగనాయకులు పండ్లు కొరికిండు. "సరే! రాయి దిగినంక గూడ నువ్వు సంతకం పెట్టకపోతే, ఈ గడపల నీకు జాగ లేదు! యాది పెట్టుకో!"

ఆ మాటకు ఉలిగెమ్మ గూడ గతుక్కుమన్నది. సత్యభామ మాత్రం, "అట్లనే" అన్నది.

సేటుకు సాయంత్రమని కబురు చేసి అందరు బస్సెక్కిండ్రు. ఫ్యాక్టరీ కాడ దిగి, ఎడ్ల బండి కిరాయికి మాట్లాడి రాయి నింపిచ్చిండ్రు. విజయకుమార్ రాళ్ల మీదెక్కి కూసున్నడు. "బావా, నీ బిల్డింగుకు మొదటి కిరాయిదారును నేనే! అడ్వాన్సు మాత్రం అడగొద్దు!" ఎవ్వరు నవ్వలే. ఎద్దులు గూడ నవ్వలే.

బండి మలుపు తిరిగింది. ఆగింది.

ముందర ముండ్ల కంప. కంప అవుతల తడి మట్టిల పల్లి మొలకలు అప్పుడప్పుడే తలకాయలు ఎత్తుతున్నయి.

"ఏందిరా, ఆపినవు?" అని విజయకుమార్ దుంకిండు. ఇటు ఉరికిండు, అటు ఉరికిండు. "గీడనే... గీడనే మిఠాయి కొట్టు ఉండె! గీడ చెరుకు గడలు... తోవ యాడ వోయింది?"

కొడవలి చంకల పెట్టుకోని చెన్నవ్వ వచ్చింది. "అడ్డం తొక్కకు అప్పా! ఇత్తనం పెట్టిన చేను!"

"అవ్వా... ఇది తోవ గదా? జాతరకు ఇంత మంది నడ్సిండ్రు గదా?"

"దేవునికి ఇచ్చిన తోవ. దేవుడు గుడికి వోయిండు, చేను నాకు వాపస్ వచ్చింది."

"ఒక్క బండి తోవ అమ్ము అవ్వా, నీ కాళ్లు మొక్కుత!"

"నీకిస్తే రేపు ఇంకొకడు వస్తడు. ఎల్లుండి నా చేనంత తోవే అయితది. ఇయ్య."

ముసలామె మర్లి పోబోయి సత్యభామను చూసి ఆగింది. "ఏం తల్లీ, పోయిన వారం గీడనే ఏడ్సుకుంట వోయినవు. మళ్ల వచ్చినవా?"

రంగనాయకులు పెండ్లాం దిక్కు మెల్లగ తిరిగిండు. "నీకు తెలుసా...? తెల్సి గూడ, పొద్దుగాల నేను అన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలే సత్యా?"

ఆమె తలకాయ వంచింది. జవాబు మట్టిల మోకాళ్ల మీద కూలిన తమ్ముడు చెప్పిండు.

"నా కోసం బావా...! అక్క చెప్తే నేను మోసగాణ్ణైతుంటి. నా కండ్లతోని నేను చూస్తే, తెల్వనోణ్ణి మాత్రమే అయిన. గింత తేడా కోసం నా అక్క ఇల్లు ఇడ్సి పోనీకె గూడ తయారైంది బావా!" జన్మల మొదటిసారి నవ్వకుంట మాట్లాడిండు వాడు. "ఈ ప్లాటు కొనొద్దు. సౌదా నేను తెచ్చిన, నేనే తెంపుతున్న. పిల్లనియ్యకపోతే పీడా వోయింది!"

అక్క ఉరికొచ్చి వాణ్ణి పొట్టకు కరుచుకున్నది. ఇద్దరి ఏడుపు చూడలేక బండివాడు ఎద్దుల మెడలు నిమురుకుంట నిలబడ్డడు.

రంగనాయకులు ఆ మొలకల దిక్కు చూసిండు. "అయ్య బరాబర్ అన్నడు సత్యా. నేను బెల్లమే," అన్నడు. "గడపల జాగ లేదన్న నిన్ను... ఆ గడప నిలబెట్టినదే నువ్వు. మాఫ్ చెయ్యి." బామ్మర్ది చెయ్యి పట్టి లేపిండు. "లేవురా. కొన్నంక చెప్పేటోళ్లు ఊరంత ఉంటరు. కొనకముందు చెప్పినోడివి నువ్వొక్కడివే. ముదగల్ వాళ్లతోని నేను మాట్లాడుత."

ఉలిగెమ్మ కోడలి గదుమ పట్టుకోని, "నా మొగనికి మనుషుల్ని చూసే కండ్లుండె బిడ్డా, నాకే లేకపాయె" అని కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది.

సత్యభామ అప్పుడు నవ్వింది. నవ్వి, నలుగురున్నరని గూడ చూడకుంట మొగని దగ్గరికి వోయి, పొద్దుగాల సంది వంకరగ ఉన్న చొక్కా గుండీ ఇప్పి బరాబర్ కాజాల పెట్టింది.

"మరి రాయి?" అన్నడు బండివాడు. "రాయి యాడ దింపాలె?"

ఆ రాయి మరునాడు లారీల రాయచూరు చేరింది. గాజుల దుకాణం ముందర ఆడోళ్లు కూసోని గాజులు తొడిగిచ్చుకోనీకె అరుగైంది. ఆ అరుగు మూలకు విజయకుమార్ కూసుంటడు, పెండ్లయిన మొగోని దర్జాతోని. ఎవరన్న వచ్చి, "ప్లాటు చూపిస్తవా తమ్ముడూ?" అంటే, కూసున్న రాయిని అరచేత్తోని తట్టి అడుగుతడు:

"చూపిస్త అన్నా. జాతర అయిపోయిందా? మరి రాయి బండి తెచ్చినవా?"