గడప దగ్గరి ప్రశ్న

ఏడో నమూనా ఇంటి గడపను వకుళ మరో రెండు వేళ్ళు ఎత్తు పెంచింది. అసలింటి గడప అంతే ఎత్తు. మంచం తూర్పుకి, నిండు నీళ్ళ బిందె కిటికీ కింద, స్నానాల గది తలుపు ఎడమకి. ఆసుపత్రి ఆరో అంతస్తులోని ఈ గది, ఎవరి పేరు చెబితే వాళ్ళ ఇల్లయిపోతుంది. ఎముక అతికినవాళ్ళు, గుండె కుట్లు ఆరినవాళ్ళు ఇందులో మూడు రోజులుంటారు. వెంట తోడు అనే మరమనిషి ఉంటుంది. మూడో రోజు ఐదు గంటలకి నడకపట్టికలో గడప దాటిన నలభై అడుగులు కనబడితే మనిషీ తోడూ కలిసి ఇంటికి వెళ్తారు. కనబడకపోతే, ఇంటికి పోలేనివాళ్ళని ఉంచే నిలయానికి. నిలయం నుంచి ఇల్లు చేరినవాళ్ళు ఇంతవరకూ లేరు.

గృహ సంసిద్ధతాధికారిగా వకుళ పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఇదే. ఇవాళ్టికి మూడు రోజులుగా లోపలున్నది మాత్రం ఆమె తల్లి కనకరత్నం. సొంతవాళ్ళ కేసు చూడకూడదని నిబంధన ఉంది. కానీ జిల్లాలో ఈ పనికి మిగిలింది ఇద్దరు, రెండో ఆయన సెలవులో ఉన్నాడు.

పట్టిక తెరిచింది. గడప వైపు లేచిన సార్లు: ఇరవై ఆరు. దాటిన అడుగులు: సున్నా. నిర్ధారణ: సంకల్ప లోపం.

సంకల్ప లోపమట! సముద్రం పేటల్లోకి ఎక్కొచ్చిన ఏడాది మొదలుకొని ముప్ఫయ్యేళ్ళు లాంచీ నడిపే సరంగుగా చేసిన మనిషికి! వకుళకి ఒళ్ళు మండింది.

పై అధికారి ఫణీంద్ర తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "నిలయంలో కిటికీ పక్క మంచం ఒకటి మీ అమ్మగారి కోసం ఆపి ఉంచానండీ. ఐదు దాటితే నేనూ ఏం చెయ్యలేను."

"ఐదింకా కాలేదు కదండీ," అంది వకుళ. టైము నాలుగు దాటింది.

అధికారులకి నమూనా ఇంట్లోకి అడుగుపెట్టే అలవాటు లేదు. అంతా పట్టికే చెబుతుంది. వకుళ చెప్పులు విడిచి లోపలికెళ్ళి, ఓ మూల నేలమీద కూర్చుంది.

కనకరత్నం మంచం అంచు పట్టుకుని లేచింది. కుచ్చిళ్ళు సర్దుకుంది. తుంటి నిలిచింది, మోకాలు నిలిచింది. గడప వైపు తిరిగింది. వెనకనుంచి తోడు మెత్తగా అడిగింది:

"ఎక్కడికి వెళ్తున్నారండీ?"

కనకరత్నం మొహం చిట్లించి మళ్ళీ కూర్చుంది. గ్లాసెడు నీళ్ళు తాగింది. కాసేపాగి లేచింది. తోడు మళ్ళీ అడిగింది. ఆవిడ మళ్ళీ కూర్చుంది.

"కాలు నొప్పా అమ్మా?"

"నొప్పేంటే? కాలు నిక్షేపంలా ఉంది. బయల్దేరినప్పుడల్లా 'ఎక్కడికీ' అంటా ఉంటే గడపెలా దాటతానే? మీ నాన్న అలా అడిగితే విప్పిన లాంచీ తాడు మళ్ళీ కట్టేసేదాన్ని. కూచుని, నీళ్ళు తాగి, కాసేపాగి లేస్తన్నాను. మళ్ళీ అడుగుద్ది. దానికి చెప్పేవోళ్ళు లేరా?"

"మొదటిరోజే నాకు చెప్పొచ్చు కదమ్మా!"

"ఇది కూడా చెప్పాలేంటే నీకు?"

వకుళ తోడు వైపు చూసింది. ఆ ప్రశ్న రాసింది తనే. మూడేళ్ళ కిందట, పెద్దవాళ్ళు కదిలే ముందు గమ్యం తెలిస్తే తోడు దారి సర్దుతుందని భద్రతా సంఘం ఒక వాక్యం రాసిమ్మంది. చివర 'అండీ' తగిలించి, ఎంత మర్యాదగా రాశానో అని మురిసిపోయింది కూడా. దాన్ని ఒప్పుకున్న సంఘం సభ్యులు ఎనిమిది మందీ ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ళే. బయల్దేరేవాళ్ళని ఆ మాట అడగకూడదని ఒక్కరికీ తట్టలేదు.

అక్కడే కూర్చుని పాత పట్టికలు తీసింది. కొప్పిశెట్టి సత్యవతి, లేచినవి నలభై. పెనుమాళ్ళ దావీదు, లేచినవి పంతొమ్మిది. మూడేళ్ళలో మూడువందల పదకొండు మంది. అందరికీ సంకల్ప లోపమే. కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ మళ్ళీ లేచిన మనుషులు. నిలయంలోని తోడూ వాళ్ళని ఇప్పటికీ అదే అడుగుతోంది. తలుపు దగ్గరున్న ఫణీంద్రని పిలిచి అంతా చెప్పింది.

సంగతి విని ఫణీంద్ర గొంతు తగ్గించాడు. "అమ్మగారి తోడుకి మాత్రం ఆ ప్రశ్న ఆపేయండి. నేను చూడలేదు. మిగతాది సంఘానికి రాద్దాం. ఆర్నెల్లలో తేలుస్తారు."

"రాసింది నేనే కదండీ, ప్రశ్ననే వెనక్కి తీసుకుంటే?"

"అప్పుడు దాని మీద తేల్చిన పట్టికలేవీ చెల్లవు. అంతమందిని ఇళ్ళకి పంపడానికి తోడులెక్కడున్నాయి, పడవలెక్కడున్నాయి? తప్పంతా మీ పేరు మీదే పడుతుంది. రేపు ఆ కుర్చీలో మీరుండరు వకుళగారూ."

"వాళ్ళలో చాలామందికి ఎనభై దాటాయండీ. ఆర్నెల్లంటే వాళ్ళకి చిన్నమాట కాదు."

ఉపసంహరణ పత్రం తెరిచింది. కారణం అన్నచోట రాసింది: 'బయల్దేరేవాళ్ళని అడగకూడని మాట అడిగించాను.' బొటనవేలి ముద్ర వేసింది.

మూడువందల పదకొండు నిర్ధారణలూ ఒక్కసారిగా 'తేలలేదు' అని మారాయి. మంచాల కేటాయింపు ఆగింది, పడవల వరస ఆగింది. బయట బల్లమీద ఫోను మోగడం మొదలుపెట్టింది. ఫణీంద్ర అటు పరుగెత్తాడు.

కనకరత్నం లేచింది. గడప వైపు తిరిగి, అలవాటు కొద్దీ ఆగింది. తోడు ఏమీ అడగలేదు. ఆవిడ వెనక్కి తిరిగి దాన్ని ఓసారి అనుమానంగా చూసింది.

"ఇంకా కూచున్నావేంటే? ఎదురు రా."

వకుళ బిందె చంకనెత్తుకుని గడప దాటింది. నడవ చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి ఎదురొచ్చింది. కనకరత్నం కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. కూతుర్ని దాటుకుని, మోగుతున్న ఫోనునీ దాన్ని పట్టుకుని చెమటలు కక్కుతున్న ఫణీంద్రనీ దాటుకుని నడిచిపోయింది. నలభై ఎప్పుడో దాటాయి.

బిందె దించి వకుళ పట్టిక చూసింది. తల్లి వరస కింద, నిలయం నుంచి కొత్త వరస ఒకటి వచ్చి చేరింది.

పెనుమాళ్ళ దావీదు. అడుగులు: పన్నెండు. గమ్యం: నమోదు కాలేదు.