నిశ్శబ్దంలో రెండు ఊపిర్లు

స్టూడియోలో మూడో నంబరు సౌండు గదికి చెడ్డపేరు ఈమధ్యే వచ్చింది. పాతికేళ్ల కిందట ఆగిపోయిన అంతరిక్షనౌక సినిమాలకి మళ్లీ ప్రాణం పోస్తూ, కొత్తదాని సౌండు పని ఇక్కడే చేస్తున్నారు కదా — అప్పట్నుంచీ. చీకటి పడ్డాక అక్కడ ఒంటరిగా కూర్చుంటే, వెనకాల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు వినిపిస్తుందట. ఒకరు కాదు... ఇద్దరు. ఉన్న ఎడిటర్లు చెప్పాపెట్టకుండా పని మానేశారు. వాచ్‌మన్ ఆ వరండా వైపే వెళ్లడు. అడిగితే మోకాళ్ల నొప్పులంటాడు.

చివరికి ఆ పని మరమనిషి కూతురి నెత్తిన పడింది. ఆమె కూడా సౌండు ఎడిటరే. పాత సినిమాలన్నిట్లో ఇనుప తొడుగులో దూరి మరమనిషి వేషం కట్టింది వాళ్ల నాన్న. ఆయన పోయి ఏడాది. ఆమెకి ఏడుపు రాలేదు. తింటే రుచి తెలీదు, ఎవరైనా తిట్టినా చీమ కుట్టినట్టయినా ఉండదు. దెయ్యం గది అనగానే "సరే" అంది, ఎవరో టీ తాగుతావా అని అడిగినట్టు.

"దెయ్యమో భూతమో... పొద్దున్నకల్లా ఆ ఊపిరి తుడిచేయండి మేడమ్," అన్నాడు కుర్ర డైరెక్టరు, గుమ్మం దాటకుండానే.

తలుపు వేసుకుంది. తెర మీద నౌక కదిలింది. మాటలు ఆగాయి...

హ్... హ్...

మెషీన్ ఆపింది. ఊపిరీ ఆగింది. మళ్లీ వేసింది — మళ్లీ వచ్చింది.

అంటే గదిలో లేదు, సినిమాలోనే ఉంది. షూటింగ్ అయ్యాక, ఎవర్నీ కదలొద్దని చెప్పి సెట్టులోని నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేస్తారు, మాటల మధ్య అతుకు వేయడానికి. పాత సినిమాల కళ రావాలని, కొత్తదానికీ ఆ పాత నిశ్శబ్దమే వాడేశారు. అప్పుడు సెట్టులో నాన్న ఉన్నాడు. ఆ తొడుగు విప్పాలంటే నలుగురు కావాలి, బోలెడు చప్పుడు. అందుకని ఆయన్ని అలాగే కూర్చోబెట్టేసి ఉంటారు.

పీల్చిన ప్రతిసారీ చివర్న చిన్న గురక. ఆస్పత్రి మంచం పక్కన ఆమె విన్నదీ అదే. ఇప్పుడూ ఏమీ అనిపించలేదు. తుడిచే మీట మీద వేలు పెట్టింది.

మరి... రెండో ఊపిరి?

చిన్నది. గబగబా నడుస్తోంది. నాన్న ఊపిరికి ఆనుకునే ఉంది... సౌండు పెంచి, ఆ నిశ్శబ్దం రికార్డు చేసిన పాత టేపు చివరిదాకా పోనిచ్చింది.

"అయిపోయింది, తొడుగు విప్పండి," అన్నారెవరో.

ఇనుము లోపల్నుంచి గుసగుస — "ష్... పాప ఒళ్లో పడుకుంది. లేస్తుంది. కాసేపు ఉండనీండి... నాకేం ఉక్కగా లేదులే."

ఆమె మీట మీద నుంచి వేలు తీసేసింది.

తెల్లారాక కుర్ర డైరెక్టరు తలుపు సందులోంచి తొంగిచూశాడు. "దొరికిందా మేడమ్... దెయ్యం?"

"దొరికింది."

"తుడిచేశారా?"

ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి.

"లేదు. నాన్న ఒళ్లో నిద్రపోతున్నాను," అంది. "లేపకండి."