నరసింహులు షెడ్డులో వాన

పుంగనూరు నుంచి మదనపల్లెకు పొయ్యే దోవలో, వంక దాటినాక ఎడంచేతి పక్క నరసింహులు షెడ్డు అని ఒకటి ఉండేది. ఇప్పుడు లేదులే, పీకి పారేసినారు. పట్టుపురుగులు సాకే షెడ్డు అది. మట్టిగోడలు, పైన రేకులు, చుట్టూరా మల్బరీ తోట. పొద్దు గూకినాక ఆ పక్కకు మనిషి గాదు గదా, గొర్రె గూడా పొయ్యేది గాదు.

యాల అంటే... ఆ షెడ్డు లోపల వాన పడేది.

నవ్వొద్దప్పా. బయట చుక్క రాలదు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు. తాళం ఏసిన షెడ్డు లోపల మాత్రం ముసురు పట్టినట్టు, సన్నంగా, ఆగకుండా ఒకటే శబ్దం. విన్నోళ్లు ఒకరా ఇద్దరా! కలికిరి నుంచి టమోటా లోడుతో వస్తాండిన డ్రైవరు ఒకాయన, టైరు మార్చుకుందామని ఆడ నిలబడి, మార్చినాక జాకీ తీసుకొనే ధైర్యం లేక ఆడనే వదిలేసి పోయినాడు. నా అంగట్లో టీ తాగతా ఉంటే గ్లాసులో టీ అంతా చొక్కా మీదనే ఒలికింది.

ఆ దెయ్యం పుట్టింది గూడా నా టీ అంగట్లోనే. పుట్టించింది ఒక పోలీసాయన. పేరు సుదర్శన్. ఇదంతా ఆయన నోటితో ఆయన నాకు చెప్పిందే. నేను కలిపింది ఏమన్నా ఉంటే రోంత ఉప్పూకారం, అంతే.

సుదర్శన్ పుంగనూరు స్టేషన్లో దొంగల్ని పట్టే క్రైం పార్టీలో హెడ్డు కానిస్టేబులు. యూనిఫారం ఏసేది తక్కువ, మఫ్టీలోనే తిరిగేది. చెప్పులు చూసి దొంగ ఏ ఊరోడో చెప్పేస్తాడని పేరు. సొంతూరు మదనపల్లె, క్రైస్తవులు. పెండ్లాం బీనా ఆడనే నర్సు. ఒక కూతురు. సుదర్శన్ వాళ్లమ్మ పట్టుపురుగులు సాకి సాకి కొడుకును చదివించింది. ఈ ముక్క గుర్తు పెట్టుకో, కతంతా దీని మీదనే నిలబడి ఉండాది.

తొంభై ఎనిమిదిలో, దసరా అయిపోయినాక, ఒక పొద్దున ఇందిరమ్మ అనే ముసలామె వచ్చి స్టేషను మెట్ల మీద కూలబడింది. నరసింహులు తల్లి.

"నా కొడుకు తెల్లారి నన్ను ఆసుపత్రికి పిల్సకపోతాననినాడప్పా. రాలేదు. కుప్పంలో ఎద్దుల్ని సూసొస్తానని నిన్న సాయంత్రమే పోయినాడని కోడలు చెప్తాండాది. రాత్రి షెడ్డు పక్కనించి అరుపు ఇనపడిందని గొర్రెలోళ్లు చెప్తాండారు. యాడుండాడప్పా నా కొడుకు?"

"కనుక్కొని చెప్తాలే అమ్మా," అనినాడు సుదర్శన్. ఆ మాట ఆయనకు మెడకు గుదిబండ అయ్యింది.

షెడ్డు దగ్గిర నరసింహులు పెండ్లాం మాధవీలత నిలబడి ఉండింది. ముప్పై లోపలే వయసు. ఏడ్చిన కండ్లు గాదు, నిద్రలేని కండ్లు. పక్కన ఆకు కోసే సిద్దప్ప, తలగుడ్డ చేతిలో పట్టుకొని.

"రాత్రి అరుపు ఏమన్నా ఇనపడిందామ్మా?" అని అడిగినాడు.

"యాడ ఇనపడతాది సార్! తెల్లవార్లూ షెడ్డులో పురుగులకు ఆకేస్తానే ఉండాను. అవి మేస్తాంటే వాన పడినట్టే గదా ఉంటాది. ఆ మోతలో పక్కన గొంతు కోసినా తెలీదు."

"అవును సార్, ఆకు నేనే మోసిన," అనినాడు సిద్దప్ప.

సుదర్శన్ చెప్పులు బయట విడిచి షెడ్డులోకి పోయినాడు. తట్టలు వరసగా మెట్టుమెట్టుకూ ఉండాయి. ఒక్క పురుగూ కదలడంలేదు. అన్నీ తలకాయలు పైకెత్తి, ప్రార్థన చేస్తాండినట్టు నిలబడి ఉండాయి. వాటి మీద తెల్లగా సున్నం చల్లి ఉండాది.

పురుగులు సాకిన ఇంట్లో పుట్టినోడికి దీని అర్థం ఒకరు చెప్పాల్నా? పురుగులకు జ్వరం. నిజంగా ఒళ్లు కాలే జ్వరం గాదు. చర్మం విడిచే ముందు అవి మేత మానేసి అట్లా బిగుసుకోని ఉంటాయి. దాన్నే జ్వరం అంటాం. జ్వరంలో ఆకెయ్యరు. తేమ తగలకూడదని పైన సున్నం చల్తారు. సున్నం కింద మిగిలిన ఆకును సుదర్శన్ ఏలితో నలిపి చూసినాడు. పొగాకు మాదిరి ఎండిపోయి ఉండాది. అంటే నిన్న పొద్దున్నించే మేత లేదు.

రాత్రి షెడ్డులో ఏ మోతా లేదు. పిల్లి నడిచినా ఇనపడుతుంది.

కిందికి చూసినాడు. ఒక మూల నేల పచ్చిగా ఉండాది, అప్పుడే పేడతో అలికినట్టు. పురుగులు జ్వరంలో ఉండంగా షెడ్డు అలికే పిచ్చోళ్లు ఈ జిల్లాలో ఎవురూ ఉండరు.

అంతా తెలిసిపోయింది ఆయనకు. తల తిప్పితే... గడపలో మాధవీలత. ఆయన కండ్లలోకే చూస్తాండాది. బెదురు లేదు, బతిమాలుకోవడం లేదు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఊరికే అట్లా చూస్తాండాది.

"కాఫీ తాగుతారా సార్?" అనింది.

ఏం చెప్పేదప్పా! పొయ్యేకాలం వచ్చినోడికి తాడే పామై కరుస్తాదంటారు. ఆ కాఫీ తాగినాడు. "నరసింహులు కుప్పం పోయి తిరిగి రాలేదు" అని రాసుకొని వచ్చేసినాడు. సున్నం మాట రాయలేదు. అలికిన నేల మాట రాయలేదు.

ఆ తర్వాత విచారణ అని ఒకసారి, ఏదో అడగాలని ఇంకోసారి పోయినాడు. ఆపైన సాకు గూడా చెప్పలేదు. కంచే చేను మేసినట్టు అయిపోయింది కత. ఆమె "సార్" అనడం మానేసి "సుదర్శనా" అని పిల్సింది. ఆ పిలుపు కోసం బండి పెట్రోలు ఎంత కాల్చినాడో దేవుడికే తెలియాల. ఆదివారం చర్చికి పొయ్యేది మానేసినాడు. ఎవురన్నా తలుపు తడితే ఉలిక్కిపడతాడు.

ఒక రాత్రి బీనా ఆయన ప్యాంటు ఉతకబోయి నిలబడిపోయింది.

"ఈ సున్నం యాడిది?"

పురుగులు సాకిన ఇంటి కోడలు గదా, అది షెడ్డు సున్నమని చూడంగానే తెలిసిపోయింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. మరసనాడు కూతుర్ని పిల్సుకొని పుట్టింటికి పోయింది.

ఇందిరమ్మ మాత్రం వదల్లేదు. వారం వారం స్టేషనుకు వచ్చి అదే మెట్టు మీద కూర్చుండేది. "నా కోడలు మీద నాకు పగ లేదప్పా. కేసూ వద్దు. నా కొడుకు యాడుండాడో చెప్పు సాలు. సచ్చింటే ఆ బొమికెలన్నా ఇప్పియ్యి," అనేది. ఆమె మొగం చూడలేక సుదర్శన్ వెనక వాకిలి గుండా పొయ్యేవాడు.

ఊర్లో గుసగుసలు లేచినాయి. షెడ్డు తవ్వి చూడాలని ఎవురో అనినారు. అప్పుడొచ్చినాడప్పా సుదర్శన్ నా అంగడికి. టీ చెప్పి, పదిమంది వినేటట్టు, గొంతు తగ్గించి...

"నిన్న రాత్రి ఆ షెడ్డు పక్కన పోతాంటే... లోపల వాన పడతాండాది. తాళం చూస్తే తాళం ఏసినట్టే ఉండాది."

పోలీసాయనే భయపడినాడంటే ఇంక చెప్పాల్నా! సాయంత్రానికి వాల్మీకిపురం దాకా పాకింది. తవ్వే మాట ఎత్తినోడే ముందు రక్షరేకు కట్టించుకున్నాడు. మాధవీలత అప్పటికే పురుగుల్ని తీసేసి షెడ్డుకు తాళం ఏసి ఉండాది. "రోంత సద్దుమణగనీ సుదర్శనా. కుప్పంలో రైలెక్కి పోదాం. బెంగుళూరులో మనల్ని ఎవురు గుర్తు పడతారు?" అనింది.

ఆయన నమ్మినాడు.

అయితే ఎండాకాలం వచ్చేసరికి ఒక వింత జరిగింది. జనాలు వచ్చి నిజంగానే విన్నామని చెప్పడం మొదలుపెట్టినారు. సుదర్శన్ నా అంగట్లో కూర్చొని పడీపడీ నవ్వినాడు. నవ్వుతానే ఉన్నట్టుండి ఆగిపోయి, "నిజంగా ఇన్నారా?" అని అడిగినాడు. నాకు అప్పుడే ఏదో తేడా కొట్టింది.

ఆఖరికి ఆమె రోజు చెప్పింది. "నువ్వు ముందు పో. నేను బస్సులో వచ్చి కుప్పం స్టేషన్లో కలుస్తా."

రెండు జతల గుడ్డలు సంచిలో కుక్కుకొని, బండి మీద పలమనేరు, వి.కోట దాటుకొని పోయినాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడినాడు. బెంగుళూరు బండి వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. దిగే ప్రతి ఆడమనిషి మొగమూ చూసినాడు, ఎక్కే ప్రతి ఆడమనిషి మొగమూ చూసినాడు. లైట్లు ఆర్పేసి టీ కొట్టోడు గూడా ఇంటికి పోయినాడు.

ఆమె రాలేదు.

ఆమెకేమన్నా అయ్యిందేమో అనే బెంగతోనే బండి తిప్పినాడంట పిచ్చోడు. దోవ పొడుగునా అదే ప్రార్థన — ఆమెకేం కాకూడదు, ఆమెకేం కాకూడదు.

ఆమె ఇంటికి పోతే తాళం. వంక కాడికి వచ్చి ఇంజను ఆపినాడు. గాలి లేదు. ఆకు కదలడంలేదు. పైన చుక్కలు, ఆరబోసిన బియ్యం మాదిరి.

అప్పుడు ఇనపడింది...

వాన.

"ఇది నేను చెప్పిన అబద్ధం," అనుకున్నాడు. "నా నోట్లోనించి పుట్టిన దెయ్యం. నన్నేం చేస్తాది?" కాళ్లు మాత్రం ఆ మాట ఇనలేదు. ఒక్కో అడుగూ ఏస్తాంటే శబ్దం దగ్గరైంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. తలుపు సందులోనించి సన్నగా లాంతరు ఎలుగు... లోపల ఎవురో మొగోడు మెల్లిగా నవ్వినాడు.

దెయ్యాలు నవ్వుతాయి గానీ, బీడీ తాగవు గదా. బీడీ వాసన వచ్చింది. కాలెత్తి తన్నినాడు తలుపు.

లోపల చాప మీద సిద్దప్ప. పక్కన జుట్టు ముడేసుకుంటా మాధవీలత. గోడల పొడుగునా మెట్టుమెట్టుకూ తట్టలు... తట్టల్నిండా పురుగులు.

పురుగులు! సుదర్శన్‌కు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇంతేనా దెయ్యం! ఆయన పెట్టిన భయాన్నే తడిక మాదిరి అడ్డం పెట్టుకొని, వీళ్లిద్దరూ దొంగచాటుగా పురుగులు సాకుతాండారు. పురుగులు మేసే మోత విని జనం వాన అనుకున్నారు. తను కాపలా కాసింది వీళ్ల చాపకు.

"కుప్పంలో బండి దొరకలేదా సార్?" అనింది మాధవీలత.

సార్ అనింది. ఆ ఒక్క మాటకు గుండె తెగి కింద పడిందంట.

"ఇద్దర్నీ లోపలేస్తా. నరసింహుల్ని సంపింది మీరే."

"ఏసుకో," అనింది. గొంతులో ఒణుకు లేదు. "ఆ పొద్దు తట్టల్లో సున్నం సూసినావు. అలికిన నేల సూసినావు. నేను అబద్ధమాడినానని నీకు అప్పుడే తెలుసు, నీకు తెలుసని నాకూ తెలుసు. యాల రాయలేదని జడ్జి అడిగితే ఏం చెప్తావు? నా కాఫీ బాగుందని చెప్తావా?"

సిద్దప్ప బీడీ నేలకు రుద్ది ఆర్పినాడు.

సుదర్శన్ నిలబడే ఉండాడు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతాది, జైలు. బీనా ఇంక జన్మలో మొగం చూడదు. కూతురు బడిలో తలెత్తుకోలేదు. నోరు మూసుకుంటే... ఏమీ కాదు. ఒక ముసలామె సచ్చేదాకా మెట్ల మీద కూర్చుంటాది, అంతే గదా.

తిరిగినాడు. గడప దాటి ఒక కాలు బయట పెట్టినాడు.

శబ్దం ఆగలేదు. తలుపు తన్నినప్పుడు ఆగలేదు, మాట్లాడుతాంటే ఆగలేదు. ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. చెవుల్లో, పుర్రెలో, పండ్ల సందుల్లో ఒకటే వాన... రెండు చేతులా చెవులు మూసుకున్నాడు.

"ఆపండి! ముందు ఈ వాన ఆపండి!" అని అరిచినాడు.

వాళ్లిద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. మాధవీలత లాంతరు పైకెత్తింది. మొదటిసారి ఆమె గొంతులో భయం ఇనపడింది.

"ఏం వాన సార్? పురుగులు జ్వరంలో ఉండాయి గదా."

లాంతరు ఎలుగు తట్టల మీద పడింది. అన్నిటి మీదా తెల్లగా సున్నం. ఒక్క ఆకు లేదు. ఒక్క పురుగూ మెయ్యడంలేదు. అన్నీ తలకాయలెత్తి, కదలకుండా, ఆయన పక్కకే చూస్తాండాయి.

వాన మాత్రం పడతానే ఉండాది.

సుదర్శన్ మోకాళ్ల మీద కూలబడినాడు. పాక్కుంటా మూలకు పోయినాడు. ఆ పొద్దు పచ్చిగా ఉండిన చోట చెవి ఆనించినాడు.

కిందనించి వస్తాండాది.

గోడకు ఆనించిన గడ్డపార తీసుకున్నాడు. సిద్దప్ప వంక దాటి పరిగెత్తినాడు. రెండో రోజుకు దొరికినాడులే. మాధవీలత కదల్లేదు. లాంతరు పట్టుకొని అట్లే నిలబడి, ఆయన తవ్వతాంటే ఎలుగు చూపించింది. యాల చూపించిందో ఆయనకు ఈ పొద్దుకూ అర్థం కాలేదు.

తెల్లారినాక ఆయనే స్టేషనుకు మనిషిని పంపినాడు. సున్నం సంగతి, కాఫీ సంగతి, దెయ్యం సంగతి అన్నీ జడ్జి ముందర ఆయనే చెప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది. వాళ్లిద్దరితో పాటు ఈయనకూ జైలు అయ్యింది. బీనా రాలేదు. ఇప్పుడు కుప్పంలో ఒంటరిగా ఉండాడు. ఎప్పుడన్నా ఈ పక్క వస్తే నా అంగట్లో కూర్చుంటాడు.

"ఆ శబ్దం ఎప్పుడు ఆగిందన్నా?" అని ఒకసారి అడిగినా.

గ్లాసు తిప్పుకుంటా చెప్పినాడు.

మన్ను తీసినాక గూడా ఆగలేదంట. బట్ట తునకలు బయటపడినా ఆగలేదంట. పోలీసులొచ్చినారు, జనమొచ్చినారు, ఎవురికీ ఇనపడలేదు, ఈయనకు తప్ప. ఇందిరమ్మను ఇద్దరు పట్టుకొని నడిపించుకోని వచ్చినారు. ఆమె ఏడవలేదు. గుంత పక్కన చతికిలబడి, చెయ్యి సాచి ఆ బొమికెల్ని తడిమింది.

"వచ్చినావా నాయనా... పద, ఆసుపత్రికి పోదాం," అనింది.

అప్పుడు ఆగిందంట.