చివర నడిచే మనిషి

నోరు మూసుకోవడానికి డబ్బు కట్టేవాళ్లు కూడా లోకంలో ఉంటారని ఆమె మొదట్లో నమ్మలేదు.

ఉన్నారు. బస్సు దిగి, కొత్త బూట్ల లేసులు బిగించి, "ఇక్కడ నెట్‌వర్క్ వస్తుందా?" అని అడిగి, రాదని తెలిశాక "అబ్బ, ఎంత ప్రశాంతం!" అని దిగులుగా అనేవాళ్లు.

వాళ్లను అడవి దారిన కొండ కొస దాకా ఒక్క మాట లేకుండా నడిపించి తీసుకురావడం ఆమె పని. దాని పేరు మౌన నడక. కొండ మీది కుర్రకారంతా కలిసి పెట్టుకున్న పర్యాటక సంఘం దాన్ని నడుపుతోంది. కొండను పాడు చేయకుండా కొండ మీదే బతకాలన్నది సంఘం ఆశయం. ఆ ఆశయాన్ని కార్యదర్శి పెద్ద ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి, బతికున్న చెట్టుకు మేకులు కొట్టి తగిలించాడు. 'ప్లాస్టిక్ వద్దు' అన్న మాట ఆ ప్లాస్టిక్ మీద చక్కగా మెరుస్తూ ఉంటుంది.

నడకలో మాటలుండవు కనుక సైగలుంటాయి. గుప్పిట పైకెత్తితే ఆగమని. రెండు వేళ్లు కిందికి చూపిస్తే కాలి కింద చూసుకోమని. నెత్తిన అరచెయ్యి పెట్టుకుంటే కొమ్మ ఉంది, తల వంచమని. ఇవి వేల ఏళ్ల నాటి అటవీ సంజ్ఞలని కార్యదర్శి బ్రోషర్లో రాశాడు. వేల ఏళ్లవీ కావు, అడవివీ కావు. కొండ వెనక రాతి క్వారీవి. పేలుళ్లకు చెవులు పోయిన మనుషులు తమలో తాము మాట్లాడుకున్న భాష. ఆమె తండ్రి వయసంతా ఆ క్వారీలోనే గడిచింది. ఆమె అమ్మా నాన్నా అనడం కంటే ముందు నేర్చుకున్న భాష అదే.

కిందటి చలికాలం దాకా మౌన నడకలో ఆమె ముందుండేది, నాన్న చివర ఉండేవారు. దారి మలుపులో ఆమె వెనక్కి తిరిగితే ఆయన చెయ్యి పైకెత్తి, అరచెయ్యి విప్పి, ఒక్కసారి తిప్పేవారు. 'వెనక ఎవరూ మిగల్లేదు, అందరం వచ్చేశాం' అని. క్వారీలో పేలుడు మందుకు నిప్పు పెట్టేముందు చివరి మనిషి చేసే సైగ అది. ఆ చివరి మనిషి ఎప్పుడూ ఆయనే. అందుకే అందరికంటే ముందు ఆయన చెవులే పోయాయి.

ఆ ఒక్క సైగను ఆమె టూరిస్టులకు నేర్పలేదు. నాన్న పోయాక అమ్మ కూడా సైగలు మానేసింది. చేతులు ఇంటిపనికే వాడుతోంది.

అయినా మలుపు దగ్గర ఆమె వెనక్కి తిరుగుతుంది. చివర ఎవడో ఒకడు సెల్ఫీ తీసుకుంటూ కనిపిస్తాడు.

ఆ రోజు అలా తిరిగేసరికి, ఎప్పుడూ సాయంత్రాలే మోగే అవతలి పచ్చిక బయలు నుంచి పట్టపగలే మోత మొదలైంది. ధబ్, ధబ్, ధబ్. చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నెలంతా మౌనంగా ఉండగలనని పొద్దున గొప్పలు చెప్పిన ఒకావిడ, "అయ్యో, ఈ పాటంటే నాకు ప్రాణం!" అని తాళానికి అడుగు వేయడం మొదలుపెట్టింది.

నడక ముగించి ఆమె నేరుగా పచ్చిక మీదికి వెళ్లింది. 'ఎకో క్యాంప్' అని బోర్డు. బోర్డు వెనక మనిషంత ఎత్తు నల్లటి డబ్బాలు. వాటి మధ్య వైర్ల కుప్ప మీద కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న సౌండ్ అబ్బాయి.

"ఈ మోత ఎంతసేపు?"

అతను హెడ్‌ఫోన్లు తీశాడు. "మోత కాదు మేడం. సబ్‌వూఫర్."

"పేరు మారిస్తే మోత పాటవుతుందా?"

"అబ్బో! మౌనం మేడం ఇంత మాట్లాడతారని తెలీదే. దీనికి టికెట్ ఎంత?"

"బోర్డు మీద ఎకో అని రాసుకున్నారు. చుట్టుపక్కల ఒక్క పిట్ట ఉందా?"

"ఇదంతా సోలార్ మీద నడుస్తుంది మేడం. పొగ రాదు, నూనె కారదు..."

"పాపం సూర్యుడు. ఆయనకు కూడా చెడ్డపేరు తెచ్చారు."

అతను నవ్వాడు. మామూలుగా నవ్వలేదు, తల వెనక్కి వేసి, నిజంగా నవ్వొచ్చినవాడిలా నవ్వాడు. తిట్టించుకుని అంత హాయిగా నవ్వేవాణ్ణి ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

ఇంతలో చినుకులు పడ్డాయి. అతను పరుగెత్తి డబ్బాల మీద టార్పాలిన్ కప్పాడు. ఒక డబ్బాకు ఆనించి వేసిన చెక్క స్టూలు మీద ఇంకో ముక్క కప్పాడు. తను మాత్రం తడిశాడు.

"స్టూలుకు కూడా రెయిన్‌కోటా? ఎవరిది, చీఫ్ గెస్టుదా?"

"ఒక పెద్దాయనది. ఇప్పుడు రారు."

"రారు మరి. మీ గోల భరించలేక పారిపోయుంటారు."

అతని నవ్వు ఆగిపోయింది. "వర్షం పెద్దదవుతోంది. గొడుగు తీసుకెళ్లండి మేడం."

ఆమె తీసుకోలేదు. ఇల్లు చేరేసరికి నిలువునా తడిసింది. అభిమానానికి గొడుగు ఉండదు.

మర్నాడు సంఘం ఆఫీసులో కార్యదర్శి ఆమె ఫిర్యాదును ఎంతో ఓపికగా, ఫోన్ చూసుకుంటూ విన్నాడు.

"మనం సస్టెయినబుల్‌గా ఆలోచించాలి."

"అంటే?"

"అంటే... నోరు మూసుకుని నడవడానికి వచ్చేవాళ్లు గుప్పెడు మంది. గంతులేయడానికి వచ్చేవాళ్లు బస్సుల నిండా. ఆదివారం మీటింగులో ఓటింగ్ పెడదాం. క్యాంప్ గెలిస్తే పచ్చికతో పాటు అడవి దారి కూడా వాళ్లకే. మౌన నడకకు ఇక సెలవు. నీకు వేరే పని చూద్దాంలే. బ్రోషర్లు పంచుతావా?"

మౌన నడక పోతే పోయేది ఉద్యోగం ఒక్కటే అయితే ఆమె ఇంత బాధపడేది కాదు. నాన్న భాష మాట్లాడటానికి ఆమెకు మిగిలిన ఒకే ఒక్క చోటు అది.

శనివారం నడకకు టికెట్లు చూస్తుంటే, వరసలో చివర సౌండ్ అబ్బాయి.

"గూఢచారి పనా?"

"టికెట్ కొన్నాను మేడం. నోరు మూసుకునే హక్కు నాకు మాత్రం లేదా?"

"మీకు అది ఉందని ఇప్పటిదాకా ఎవరూ గమనించలేదు."

నడక మొదలైంది. అతను మాట్లాడలేదు, నవ్వలేదు, ఫోన్ తీయలేదు. అందరికంటే వెనక నడిచాడు. వాన కడిగిన ఆకుల మీంచి నీళ్లు రాలుతున్నాయి. ఆగమంటే ఆగాడు, తల వంచమంటే వంచాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకక ఆమెకు ఒళ్లు మండింది.

మలుపు వచ్చింది. ఆమె అలవాటు చొప్పున వెనక్కి తిరిగింది.

వరస చివర ఒక చెయ్యి పైకి లేచింది. అరచెయ్యి విప్పుకుంది. ఒక్కసారి తిరిగింది.

ఆమె అడుగు ఆగిపోయింది. ఆగమన్న సైగ లేకుండా ఆగింది కాబట్టి, వెనకవాళ్లంతా రైలు పెట్టెల్లా ఒకరినొకరు గుద్దుకున్నారు.

"ఎక్కడ నేర్చుకున్నావు అది?"

మౌన నడక చరిత్రలో గైడే నోరు తెరవడం అదే మొదటిసారి. టూరిస్టులు ఆనందంగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సౌండ్ అబ్బాయి మాత్రం వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

నడక అయిపోయి అందరూ వెళ్లాక ఆమె అతని దారికి అడ్డంగా నిలబడింది.

"అది మా నాన్న సైగ. బ్రోషర్లో కూడా లేదు. ఎలా తెలుసు?"

"చెప్పలేను. ఒకరికి మాటిచ్చాను."

"మరి ఎందుకు చేశావు?"

అతను బూటుకు అంటిన బురదను రాయికేసి గీస్తూ అన్నాడు. "పచ్చిక మీంచి ఈ మలుపు కనిపిస్తుంది. రోజూ మీరు వెనక్కి తిరుగుతారు. ఎవరూ చెయ్యెత్తరు. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"జాలా? నీ డబ్బాలో దాచుకో. రేపు మీటింగులో పనికొస్తుంది."

అంది కాని, ఇంటికి వెళ్లే దారంతా ఆ చెయ్యే కళ్ల ముందు మెదిలింది. అతన్ని నువ్వు అన్నానని కూడా అప్పుడే గుర్తొచ్చింది. 'అది కోపంలో' అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆదివారం మీటింగు నిండుగా జరిగింది. నిండింది మనుషులతో కాదు, కార్యదర్శి ఉపన్యాసంతో. పచ్చదనం గురించి అతను మాట్లాడుతుంటే కిటికీ బయట జనరేటర్ పొగ చిమ్ముతోంది. మధ్యలో సంఘం సభ్యుడిగా సౌండ్ అబ్బాయి లేచి, వానాకాలంలో పచ్చిక మీద బరువు పెడితే నేల దిగబడుతుందని ఏదో చెప్పబోయాడు.

"నువ్వు కూర్చోరా. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం..."

కార్యదర్శి సామెత పూర్తి చేయలేదు. మౌనం మేడం చూపు చూసి ఆగాడు. అది సహజమే, ఆమె ఇంట్లో ఆ సామెత ఎవరూ పలకరు. కాని సౌండ్ అబ్బాయి కూడా పిడికిలి బిగించి అతని వైపే చూస్తున్నాడు. అతనికెందుకు అంత కోపం?

"సరే సరే. పచ్చికలో లౌడ్‌స్పీకర్లు వద్దనేవాళ్లు చేతులెత్తండి."

కొన్ని చేతులు లేచాయి. కార్యదర్శి లెక్కపెట్టి, "ఎత్తినవాళ్లూ ఎత్తనివాళ్లూ సరిసమానం" అని పెదవి విరిచాడు. అప్పుడు వెనక వరసలో ఇంకో చెయ్యి లేచింది.

"ఒరేయ్, నువ్వు తప్పు వైపు ఎత్తావు!"

"చెయ్యి నాదే కదరా. ఎటు ఎత్తానో నాకు తెలుసు," అన్నాడు సౌండ్ అబ్బాయి.

"కూర్చున్న కొమ్మ నరుక్కుంటున్నావు."

"దాని మీద పిట్టలు కూర్చుంటాయిలే."

ఆమె గెలిచింది. సంతోషం మాత్రం రాలేదు. తిట్టాల్సిన మనిషే గెలిపిస్తే ఆ గెలుపును ఎక్కడ పెట్టుకోవాలి?

ఇంటి దగ్గర అమ్మ అతిథుల గది దుప్పట్లు మడత పెడుతోంది. ఆమె రెండో అంచు పట్టుకుని జరిగిందంతా చెప్పింది. సైగ దగ్గరికి వచ్చేసరికి అమ్మ చేతులు ఆగిపోయాయి.

"సాయంత్రాలు మీ నాన్న ఎక్కడికి వెళ్లేవారనుకున్నావే?"

"పచ్చిక మీదికి. గాలికి."

"గాలికట!" అమ్మ దుప్పటి వదిలేసింది. "ఆ డబ్బా దగ్గర స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ దానికి ఆనించి పెట్టేవారు. చేతుల్లోంచి పాట ఎక్కుతుందట. ఎన్నేళ్లకో పాట విన్నానే అని, మొదటి రోజు ఇంటికొచ్చి ఇక్కడే, ఈ గడప దగ్గరే, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. చెవిటివాడి ముందు శంఖం ఊదకూడదని ఎవరన్నారో గాని, మీ నాన్న దాన్ని చేతులతో పట్టుకుని విన్నారు."

ఆ ఇంట్లో ఆ సామెత వినిపించడం అదే మొదలు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తారు? ఆయన కోసమని నువ్వు మౌనం పెట్టుకుని కూర్చున్నావు. ఆయనకేమో మౌనమంటే మొహం మొత్తింది. వయసంతా విన్నది అదొక్కటే కదా! నువ్వు నొచ్చుకుంటావని ఆ అబ్బాయి దగ్గర మాట తీసుకున్నారు. నా దగ్గర తీసుకోలేదు. మొగుడికి పెళ్లాం మీద అంత నమ్మకం."

కొండెక్కే మూర్ఖులందరినీ ఆమె ఇంతకాలం ఒక్కొక్కరినే ఏరి ఎగతాళి చేసింది. ఒకళ్లను మరిచిపోయిందని ఇప్పుడు తెలిసింది.

ఆమె వెళ్లేసరికి సౌండ్ అబ్బాయి వైర్లు చుడుతున్నాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది. పెద్ద డబ్బా ఒక్కటే మిగిలింది, పక్కనే స్టూలు.

"ఒక్క పాట పెట్టు," అంది.

"తీర్మానం పాసయింది మేడం."

"పిట్టలకు వినపడకుండా పెట్టు."

అతను ఆమె మొహం చూశాడు. వంగి ఏవో మీటలు తిప్పాడు. ఆమె స్టూలు మీద కూర్చుని రెండు అరచేతులూ డబ్బాకు ఆనించింది.

చెవికి దాదాపు ఏమీ రాలేదు. అరచేతుల్లో మొదలై, మోచేతుల మీదుగా ఎక్కి, పక్కటెముకల దగ్గర ఆగింది. ఎవరో పక్కనే మెల్లగా నడుస్తున్నట్టు. ఆమె చాలాసేపు చేతులు తీయలేదు. అతను అటు తిరిగి, చుట్టిన వైరునే విప్పి మళ్లీ చుట్టాడు.

"ఏ పాట అడిగేవారు?"

"పాటల పేర్లు ఆయనకు తెలీవు. రాళ్లు దొర్లేది పెట్టు అని సైగ చేసేవారు."

"నా గురించి చెప్పేవారా?"

"ముందు నడిచే పిల్ల నాదే అన్నారు. కోపం ఎక్కువన్నారు. మొదటిది గర్వంగా, రెండోది కాస్త భయంగా."

ఆమెకు నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకునే పని కూడా దాంట్లోనే కలిసిపోయింది. "ఇంకా?"

"ఇంకోటి కూడా అన్నారు. అది చెప్పను."

"దానికీ మాటిచ్చావా?"

"లేదు. సిగ్గు."

ఆమె డబ్బా మీది దుమ్మును వేలితో తుడిచింది. "ఇప్పుడేం చేస్తావు?"

"టౌన్లో హాళ్లున్నాయి. గోడల మధ్య ఎంత మోగించినా ఎవరి పిట్టా ఎగరదు. వారంలో సగం రోజులు ఖాళీ. ఇక్కడ చివర నడవడానికి మనిషి కావాలని విన్నాను."

"ఎవరు చెప్పారు?"

"మీరే. రోజూ, మలుపు దగ్గర."

"మీరు అనకు," అంది ఆమె. "తిట్టడానికి కుదరదు."

మీటింగు తర్వాత మొదటి మౌన నడక రోజు అమ్మ గుమ్మంలో నిలబడి ఆ అబ్బాయిని కింది నుంచి పైదాకా చూసింది.

"వెళ్లొస్తాం అత్తయ్యా," అన్నాడతను.

"అప్పుడే అత్తయ్య దాకా వెళ్లకు నాయనా. ముందు కొండ కొస దాకా వెళ్లి రా. ఇది మాట్లాడకుండా నడవాల్సిన నడక. మా పిల్లతో అంతసేపు మాట్లాడకుండా ఉండగలిగితే మిగతాది నేను చూసుకుంటా."

అని, కొంచెం ఆగి, చెయ్యి పైకెత్తింది. నాన్న పోయాక మొదటిసారి, 'దారి బాగుంది, వెళ్లండి' అని సైగ చేసింది.

మలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగింది. కొత్త బూట్లు, కొత్త టోపీలు, దిగులు మొహాలు. వాటన్నిటి వెనక ఒక చెయ్యి లేచి, అరచెయ్యి విప్పుకుని, ఒక్కసారి తిరిగింది. ఎవరూ మిగల్లేదు. అందరం వచ్చేశాం.

ఒక టూరిస్టు ఆ సైగకు అర్థమేమిటా అని బ్రోషరంతా తిరగేశాడు. దొరకలేదు.

ఆమె ముందుకు కదిలింది. ఇక వెనక్కి చూడాల్సిన పని లేదు. అయినా, నాలుగడుగులు వేశాక, ఇంకోసారి చూసింది.